అప్‌డేట్: కాటన్ దొర ఇంటిపేరు

కాటన్ దొర పూర్వీకులు పత్తి వ్యాపారులా అని మొన్న అడిగింది నేనే. జవాబు దొరికింది: పత్తికీ ఆ ఇంటిపేరుకూ సంబంధమే లేదు! పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె, ‘కాటుమ్’ అంటే గుడిసెల దగ్గర. అలా పిలిచే ఊళ్లు ఇంగ్లండ్‌లో చాలానే ఉన్నాయి, కేంబ్రిడ్జ్‌షైర్‌లోని కోటన్ అందులో ఒకటి. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఊరి పేరే ఇంటిపేరైంది. మన గుడిసెలవారు గుర్తొచ్చి నవ్వుకున్నాను. బట్టకు వాడే ‘కాటన్’ మాత్రం అరబ్బీ నుంచి వచ్చింది.

ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తి చేసిన ఆర్థర్ కాటన్‌ది చెషైర్‌లోని కాంబర్మియర్ కాటన్ల వంశం. జాన్ కాటన్ అనే మతబోధకుడు 1633లోనే ఈ పేరును అమెరికాలోని బోస్టన్‌కు తీసుకెళ్లాడు.

మా తాతగారు ఇప్పటికీ పత్తి కథనే నమ్ముతున్నారు. ఆయనతో వాదించే ధైర్యం నాకు లేదు.