కొత్త ప్రాసెస్‌లో డీసీఎం, హెక్సేన్ సాల్వెంట్లు మొదట్లోనే తీసేయాలా, ప్లాంట్‌కి వెళ్లాక చూసుకోవాలా?

ప్రాసెస్_కార్తీక్
మా టీమ్ కొత్త ఏపీఐ (మందులో పనిచేసే అసలు పదార్థం) ఒకటి డెవలప్ చేస్తోంది. నాలుగు స్టెప్పుల్లో రెండింట్లో సాల్వెంట్‌గా (రసాయనాలను కరిగించే ద్రవంగా) డైక్లోరోమీథేన్ (డీసీఎం), మందును వేరుచేసే చివరి ఐసొలేషన్‌లో హెక్సేన్. వాటి బదులు ఇథైల్ అసిటేట్, హెప్టేన్ పెట్టి చూశాను. ఈల్డ్ కాస్త తగ్గింది, ప్యూరిటీలో తేడా లేదు. రూట్ రివ్యూలో (తయారీ పద్ధతిని సమీక్షించే మీటింగ్‌లో) మాత్రం "ఇప్పుడెందుకు, కమర్షియల్‌కి వెళ్లాక మార్చుకుందాం" అన్నారు. అప్పుడు ఎవరూ మార్చరు. డ్రగ్ మాస్టర్ ఫైల్ (మందుల నియంత్రణ సంస్థకు ఇచ్చే తయారీ వివరాలు) వేసేశాక సాల్వెంట్ మారిస్తే ఇంప్యూరిటీ ప్రొఫైల్ (ఏ మలినాలు ఎంత ఉన్నాయో) మళ్లీ చేయాలి, స్టెబిలిటీ పరీక్షలు మళ్లీ పెట్టాలి, కస్టమర్లను మళ్లీ ఒప్పించాలి. అందుకే ల్యాబ్ దశలోనే వీటిని వద్దనుకోవడం నియమంగా పెట్టుకోవాలని నా వాదన. ప్లాంట్‌లో, సేఫ్టీలో పనిచేసేవాళ్లు ఏమంటారు?

రమణ_జీడిమెట్ల
కార్తీక్, ప్రొడక్షన్‌లో ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి చెబుతున్నాను. డీసీఎంకి ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత) లేదు. నువ్వు సేఫ్ అంటున్న ఇథైల్ అసిటేట్ ఫ్లాష్ పాయింట్ మైనస్ 4 డిగ్రీలు. మన షెడ్డుల్లో మే నెలలో 42 ఉంటుంది. ల్యాబ్‌లో రెండు లీటర్ల ఫ్లాస్క్‌లో ఫ్యూమ్ హుడ్ కింద చేసిన పనిని నేను కిలోలీటర్లలో చేయించాలి, తడి కేక్‌ని (సాల్వెంట్‌తో తడిసిన పొడిముద్దని) సెంట్రిఫ్యూజ్‌లో తిప్పించాలి. ఇక డీసీఎం విషం అంటావా, ఐసీహెచ్ (మందుల ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ) గైడ్‌లైన్ 600 పీపీఎం (పది లక్షల్లో 600 భాగాలు) వరకు ఒప్పుకుంటోంది. అంత ప్రమాదకరమైతే ఒప్పుకునేవాళ్లా?

ఓయూ_కెమిస్ట్రీ98
రమణ గారితో ఏకీభవిస్తున్నా. మండే సాల్వెంట్ కంటే మండనిది నయం.

సుజాత_ఈహెచ్ఎస్
రమణ గారూ, ఆ 600 పీపీఎం మందులో మిగిలిపోయే అవశేషానికి పెట్టిన పరిమితి. ట్యాబ్లెట్ మింగే రోగి కోసం లెక్కేసింది. రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరిచి ముఖం పెట్టి చూసే మనిషికీ ఆ అంకెకీ సంబంధం లేదు. గాలిలో డీసీఎంకి అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన హద్దు 8 గంటల సగటున 25 పీపీఎం, అదీ 1997లో. 2024లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ తన పరిధిలోకి వచ్చే పనులకు దాన్ని 2 పీపీఎంకి దించింది. ఒంట్లోకి వెళ్లిన డీసీఎంలో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దాన్ని మనుషుల్లో క్యాన్సర్‌కి బహుశా కారకం అనే 2ఏ వర్గంలో పెట్టింది.

రమణ_జీడిమెట్ల
ఆ ఈపీఏ నిబంధన మందుల తయారీకి వర్తించదు మేడమ్. అది చదివే మాట్లాడుతున్నాను. నా ప్రశ్నకు జవాబు రాలేదు: మైనస్ 4కి ఏం చెబుతారు?

సుజాత_ఈహెచ్ఎస్
చట్టం ఏ ఫ్యాక్టరీకి వర్తిస్తుందని నేను అడగలేదు. ఎంత పీలిస్తే మనిషి దెబ్బతింటాడో చెప్పాను. ఆ లెక్క మందుల ఫ్యాక్టరీలో మారదు కదా.

యాదగిరి_పాశమైలారం
నేను ఆపరేటర్‌ని. పెద్ద చదువులు చదవలేదు, చేసే పని రాస్తున్న. డీసీఎం 40 డిగ్రీలకే మరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం డ్రమ్ము పైమూత ఉబ్బి ఉంటది. బంగ్ స్పానర్‌తో అర చుట్టు తిప్పితే చాలు, బుస్సుమని ఆవిరి మొహం మీదికొస్తది, తియ్యటి వాసన. నీలం నైట్రైల్ గ్లౌజులు ఇస్తరు. దాని మీద డీసీఎం పడితే చూస్తుండంగనే ముడతలు పడి లోపల చెయ్యి చల్లగైతది, తర్వాత మంట. కాట్రిడ్జ్ మాస్క్ పెట్టుకున్నా కొంచెం సేపటికే లోపల వాసన తెలుస్తది. షిఫ్ట్ అయ్యేసరికి తల దిమ్ముగ ఉంటది, బండి మీద ఇంటికి పోవాలంటే భయం.

సుజాత_ఈహెచ్ఎస్
యాదగిరి గారు చెప్పినదంతా నిజం. మామూలు కాట్రిడ్జ్ డీసీఎంని ఎక్కువసేపు ఆపలేదు. అందుకే ఓషా బయటి నుంచి గాలి అందించే మాస్కే వాడాలంటుంది. నైట్రైల్ గ్లౌజ్‌ని అది నిమిషాల్లో దాటిపోతుంది. పీపీఈ (గ్లౌజులు, మాస్కులు) ఇచ్చాం కదా అని రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటే అది రక్షణ అయిపోదు.

రమణ_జీడిమెట్ల
డ్రమ్ము తెరవడమే తప్పు. పంప్‌తో క్లోజ్‌డ్ లైన్‌లో ఛార్జ్ చేయాలి. అది పని పద్ధతిలో లోపం, సాల్వెంట్‌లో కాదు.

విషం కాని ప్రతిదీ సేఫ్ అనుకోకండి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగింది గుర్తుందా? అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, ట్యాబ్లెట్లలో కలిపే పొడి, తిన్నా ఏమీ కాదు. పేలుడులో నలభై మందికి పైగా పోయారు. మీ ప్రమాదకర రసాయనాల జాబితాలో ఆ పొడి ఎక్కడుంది? మండే గుణాన్ని పక్కనపెట్టి విషం ఒక్కటే చూసే పద్ధతి నాకు మింగుడుపడదు.

ప్రాసెస్_కార్తీక్
రమణ సార్, మండే గుణాన్ని పక్కన పెడదామని నేను ఎక్కడన్నాను? రెండింటినీ ల్యాబ్‌లోనే చూడాలంటున్నాను. సాధ్యం కాదనేవాళ్ల కోసం ఒక ఉదాహరణ: డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ ప్రాసెస్‌ని ఫైజర్ మళ్లీ డిజైన్ చేసింది. డీసీఎం, టీహెచ్ఎఫ్, టోలుయిన్, హెక్సేన్ నాలుగు సాల్వెంట్లూ తీసేసి ఇథనాల్ పెట్టారు, మూడు స్టెప్పులను ఒకటిగా కలిపారు, టైటానియం టెట్రాక్లోరైడ్ అవసరమే లేకుండా చేశారు. టన్ను మందుకి 60,000 గ్యాలన్ల సాల్వెంట్ పట్టేది 6,000కి వచ్చింది. 2002లో దానికి అమెరికా ప్రభుత్వ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు ఇచ్చారు.

బల్క్‌డ్రగ్_వ్యాపారి
ఫైజర్‌కి పేటెంట్ లాభం ఉంది. మనం కిలోకి పది రూపాయల తేడాతో ఆర్డర్ పోగొట్టుకునేవాళ్లం. డీసీఎం బదులు వాడమనే 2-మిథైల్ టీహెచ్ఎఫ్ ధర కనుక్కుని రండి, తర్వాత మాట్లాడదాం.

ప్రాసెస్_కార్తీక్
పదో వంతు సాల్వెంట్‌తో పని అయిపోతే ఖర్చు పెరుగుతుందా, తగ్గుతుందా సార్? 2-మిథైల్ టీహెచ్ఎఫ్ నేను అడగనే లేదు.

మేడ్చల్_వాసు
హెక్సేన్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మా బావమరిది ఒక చిన్న యూనిట్‌లో హెక్సేన్‌తో పార్ట్‌లు కడిగేవాడు. ముందు పాదాల్లో తిమ్మిరి, షుగర్ అనుకున్నాం. తర్వాత చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలిసేది కాదు, మెట్లెక్కుతుంటే పాదం ఈడ్చుకుపోయేది. నరాల డాక్టర్ గారు ఏం పని చేస్తావని అడిగాకే విషయం తెలిసింది. ఆ యూనిట్ వాళ్లు "మా దగ్గర ఎవరికీ ఇలా కాలేదు" అన్నారు. పేరు రిజిస్టర్‌లో ఉంటే కదా అయినట్టు తెలిసేది. లేబర్ కాంట్రాక్టర్ కింద ఉన్నాడు.

సుజాత_ఈహెచ్ఎస్
వాసు గారూ, చాలా బాధాకరం. దాని కారణం స్పష్టంగా తెలిసిందే. శరీరంలో హెక్సేన్ 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి నరాల కొసలను పాడు చేస్తుంది. హెప్టేన్‌లో కార్బన్ ఒక్కటే ఎక్కువ, కానీ దాని నుంచి ఇలాంటి నరాల జబ్బు రాదు. ఐసీహెచ్‌లో కూడా హెక్సేన్‌కి 290 పీపీఎం, హెప్టేన్‌కి 5,000. ఈ ఒక్క మార్పుకి ఎవరూ అడ్డు చెప్పకూడదని నా అభిప్రాయం.

మార్చేటప్పుడు కళ్లు తెరిచి మార్చాలి. కాలిఫోర్నియాలో బ్రేకులు కడిగే స్ప్రేల్లో క్లోరినేటెడ్ సాల్వెంట్లు వద్దని హెక్సేన్ కలిపినవి తెచ్చారు. 1999, 2000 ప్రాంతంలో మెకానిక్‌లకు అచ్చం మీ బావమరిదికి వచ్చిన జబ్బే వచ్చింది.

రమణ_జీడిమెట్ల
చూశారా! నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే. ఒకటి తీసి ఇంకొకటి పెడితే కొత్త ప్రమాదం వస్తుంది. మైనస్ 4.

ఓయూ_కెమిస్ట్రీ98
పాయింటే.

నక్కవాగు_పక్కఊరు
మీరంతా ఫ్యాక్టరీ గోడ లోపలే కొట్టుకుంటున్నారు. మాది పటాన్‌చెరు దగ్గర పల్లె. నక్కవాగు ఏమైందో మా పెద్దలకి తెలుసు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. అది శుద్ధి చేశాక వదిలిన నీళ్ల సంగతి. మీ మదర్ లిక్కర్ (మందు వడకట్టాక మిగిలే ద్రవం) ఎటు పోతుందో రూట్ రివ్యూలో ఎవరైనా అడిగారా?

ప్రాసెస్_కార్తీక్
అడగలేదు. మీరు అడిగింది న్యాయం. ఇథైల్ అసిటేట్ నీళ్లలో 8 శాతం దాకా కరుగుతుంది, కాబట్టి ఎఫ్లుయెంట్‌లో (వ్యర్థజలంలో) సీవోడీ (ఆక్సిజన్‌ని లాగేసే కాలుష్యం కొలత) పెరుగుతుంది, స్ట్రిప్పర్‌లో (నీళ్ల నుంచి సాల్వెంట్‌ని ఆవిరిగా వేరుచేసే పరికరంలో) ముందు రికవర్ చేసుకోవాలి. డీసీఎం తక్కువ కరుగుతుంది గానీ నీటికంటే బరువు, నేలలోకి దిగితే భూగర్భజలం అడుక్కి పోయి అక్కడే ఉండిపోతుంది. ఇథైల్ అసిటేట్‌ని కనీసం సూక్ష్మజీవులు తేలిగ్గా తినేస్తాయి.

రమణ_జీడిమెట్ల
ఏసీ గదిలో కూర్చుని రాయడం సులువు తమ్ముడూ. ల్యాబ్‌వాళ్లు ఒక రూట్ రాసి, ఈల్డ్ స్లైడ్ చూపించి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత రాత్రి రెండింటికి ఫోన్ వచ్చేది నాకు. టోలుయిన్ సెంట్రిఫ్యూజ్ అంటుకుంది ఒకసారి. నా షిఫ్ట్ కెమిస్ట్, పెళ్లయి ఏడాది కాలేదు. ఒంటి మీద బట్ట కాలి చర్మానికి అతుక్కుపోయింది. వాళ్ల నాన్న హాస్పిటల్ వరండాలో నా చొక్కా పట్టుకుని అడిగాడు. ఆయనకి ఏం చెప్పాలి? కేసు పడేది ఆక్యుపయర్ (ఫ్యాక్టరీకి చట్టప్రకారం బాధ్యుడు) మీద, మేనేజర్ మీద. రూట్ రాసినవాడి పేరు ఆ ఎఫ్ఐఆర్‌లో ఎక్కడా ఉండదు. నా చేత ఇంకో మండే సాల్వెంట్ మోయించాలని చూసేవాళ్లందరికీ చెబుతున్నాను: ముందు వచ్చి నా కుర్చీలో కూర్చోండి.

బల్క్‌డ్రగ్_వ్యాపారి
అందరూ శాంతించండి.

యాదగిరి_పాశమైలారం
రమణ సార్, మంటలో పోయినోళ్లని పేపర్ల రాస్తరు, నష్టపరిహారం ప్రకటిస్తరు, పెద్దపెద్దోళ్లు వస్తరు. తల దిమ్ము, కాళ్ల తిమ్మిరి, లివర్ పోయినోన్ని ఎవరు రాస్తరు? వాడు పని మానేసి ఊరికి పోతడు, అక్కడ సస్తడు, మీ ప్లాంట్‌ల "జీరో యాక్సిడెంట్" బోర్డు అట్లనే ఉంటది. మీ మీద కేసు పడదు కాబట్టి డీసీఎం మీకు సేఫ్. మాకు కాదు. మీకు మంట భయం ఉన్నది, నేను కాదన. నాకూ ఉన్నది. కానీ రెండిట్ల ఏది మోయాల్నో ఎన్నడన్న మమ్మల్ని అడిగిండ్రా?

మేడ్చల్_వాసు
ఇదే. మొత్తం చర్చ ఇదే.

సుజాత_ఈహెచ్ఎస్
రమణ గారూ, ఆ కుర్రాడి సంగతి విన్నాక మీరు మైనస్ 4 ఎందుకు వదలడం లేదో అర్థమైంది. అయినా ఒక సాంకేతిక విషయం చెప్పాలి. మీ దగ్గర అంటుకున్నది టోలుయిన్. అది కరెంటుని దాదాపు అసలు మోయదు, తిరుగుతున్నకొద్దీ స్టాటిక్ పోగవుతుంది, భూమిలోకి దిగదు. ఇథైల్ అసిటేట్ దానికంటే వేల రెట్లు మోస్తుంది. ఎర్తింగ్ సరిగా ఉంటే ఛార్జ్ నిలవదు. ఫ్లాష్ పాయింట్ రెండింటికీ తక్కువే, కానీ అంటుకునే కారణం ఒకటి కాదు. నిజానికి స్టాటిక్ విషయంలో భయపడాల్సింది కార్తీక్ గారి హెప్టేన్ గురించి. అది నరాలకు హెక్సేన్ కంటే ఎంతో నయం, స్టాటిక్‌లో మాత్రం హెక్సేన్ లాంటిదే. మీరు అడ్డుపడాల్సింది అక్కడ.

ప్రాసెస్_కార్తీక్
సార్, మిమ్మల్ని నొప్పించాలని కాదు. సూటిగా అడుగుతున్నాను. ఏముంటే ఇథైల్ అసిటేట్‌కి మీరు సంతకం పెడతారు?

రమణ_జీడిమెట్ల
సెంట్రిఫ్యూజ్ వద్దు. అజిటేటెడ్ నట్ష్ ఫిల్టర్ డ్రయర్ (మూసి ఉన్న ఒకే పాత్రలో వడకట్టి ఆరబెట్టేది) కావాలి, మనిషి తడి కేక్ ముట్టుకోకూడదు. ఫుల్ నైట్రోజన్ బ్లాంకెటింగ్ (లోపల గాలి బదులు నైట్రోజన్ నింపడం), ఆక్సిజన్ అనలైజర్‌తో ఇంటర్‌లాక్, ఆక్సిజన్ ఎక్కువైతే మోటారు స్టార్ట్ కాకూడదు. ఎర్తింగ్ క్లాంప్ తగిలించకపోతే పంప్ నడవకూడదు. ఇవన్నీ టెక్ ట్రాన్స్‌ఫర్‌కి (ప్రాసెస్‌ని ల్యాబ్ నుంచి ప్లాంట్‌కి ఇవ్వడానికి) ముందే క్యాపెక్స్‌లో (పరికరాల పెట్టుబడిలో) శాంక్షన్ అవ్వాలి. "ముందు మూడు బ్యాచ్‌లు పాత మెషిన్‌లో తీసేయండి, తర్వాత కొందాం" అంటే నేను ఒప్పుకోను, ఆ తర్వాత ఎప్పుడూ రాదు.

యాదగిరీ, నువ్వన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అడగలేదు, నిజమే. కానీ డీసీఎం క్లోజ్‌డ్ లైన్‌లో వాడితే చాలన్న నా మాట మీదే ఉన్నాను.

యాదగిరి_పాశమైలారం
క్లోజ్‌డ్ లైన్ ఎన్ని ప్లాంట్‌ల చూసిండ్రు సార్? శాంపిల్ తీసేటప్పుడు, ఫిల్టర్ బ్యాగ్ మార్చేటప్పుడు మూత తియ్యాల్సిందే కదా. ఆ నట్ష్ ఏదో పెడితే రెండు సాల్వెంట్లకీ మంచిదే. నేను అందుకు ఒప్పుకుంట.

బల్క్‌డ్రగ్_వ్యాపారి
ఆ నట్ష్ డబ్బు ఎవరు పెడతారు? చిన్న యూనిట్లు మూతపడతాయి.

ప్రాసెస్_కార్తీక్
రమణ సార్ చెప్పిన పరికరాల కొటేషన్, డీసీఎం రికవరీలో ఆవిరైపోయే నష్టం పక్కపక్కన పెట్టి తర్వాతి రివ్యూకి తీసుకెళ్తాను. ప్రొడక్షన్ నుంచి ఒకరు, ఆపరేటర్లలో ఒకరు ఆ గదిలో ఉండాలని మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.

ఓయూ_కెమిస్ట్రీ98
కార్తీక్, ఒక డౌట్. మీ స్టెప్పుల్లో ప్రైమరీ అమీన్ (నైట్రోజన్ ఉన్న ఒక రకం సమ్మేళనం) ఉందా? ఇథైల్ అసిటేట్‌లో వేడి చేస్తే అసిటమైడ్ ఇంప్యూరిటీ వస్తుంది. నేను చూశాను.

ప్రాసెస్_కార్తీక్
రెండో స్టెప్‌లో ఉంది. వేడి చేయడం లేదు, అయినా ఐసోప్రొపైల్ అసిటేట్‌తో కూడా ఒక బ్యాచ్ పెట్టాను, అందులో ఆ ఇంప్యూరిటీ రావడం లేదు. అమీన్‌లతో డీసీఎం కూడా కుదురుగా ఉండదు, రాత్రంతా వదిలేస్తే దానితోనూ కొత్త పీక్‌లు (కొత్త మలినాల గుర్తులు) వస్తాయి. హెచ్‌పీఎల్‌సీ (మలినాలు కొలిచే పరీక్ష) డేటా రేపు ఇక్కడే పెడతాను.