ఆరో క్లాసుల ఫస్టు వచ్చిన పిల్ల ఎనిమిదిల ఎందుకు వెనకపడతది? మీ అనుభవాలు చెప్పుండ్రి

మిర్యాలగూడ నాయన
అందరికీ నమస్తే. మా బిడ్డ ఎనిమిదో క్లాసు, 400 మీటర్లు, లాంగ్ జంప్ చేస్తది. ఆరో క్లాసుల మండల్ మీట్‌ల రెండిట్ల ఫస్టు వచ్చింది, పోయినేడు గూడ మంచిగనే ఉండె, ఈసారి అండర్-14 సెలక్షన్స్‌ల నాలుగో ప్లేసుకు వడ్డది. మొన్నటిదాక దాని వెనక ఉరికిన పిల్లలే ఇప్పుడు దాటిపోతున్నరు. పొద్దుగాల ఒకపూట, సాయంత్రం ఒకపూట ప్రాక్టీసు, ఒక్కరోజు మానదు, అయినా టైమింగ్ తగ్గుతలేదు. చుట్టాలేమో ఇగ ఆట బంద్ చేయించి ఐఐటీ ఫౌండేషన్‌ల వేయుమంటున్నరు, బిడ్డేమో ఏడుస్తది. పిల్లలు ఆటల ముందుకు పోవుడు, వెనకపడుడు దేని మీద ఉంటది? మీకు గానీ మీ పిల్లలకు గానీ ఎట్లయిందో చెప్పుండ్రి.

పాలమూరు పీఈటీ
అన్నా, ఆరో క్లాసుల మీ బిడ్డ తోటి పిల్లల కంటె ఎత్తు ఉండెనా? ఉంటే సగం జవాబు ఆడనే ఉన్నది. ఆడపిల్లలు మామూలుగ 11, 12 ఏండ్లకు, మగపిల్లలు 13, 14 కు ఒక్కసారి సర్రున పెరుగుతరు, కానీ ఒకరికి ఏడాది రెండేండ్లు ముందు, ఇంకొకరికి అంతే వెనక. ముందు పెరిగినోళ్లు చిన్న క్లాసులల్ల కాళ్ల పొడుగుతోనే గెలుస్తరు, తర్వాత మిగతోళ్లు పెరిగి అందుకుంటరు. ఇండ్ల ఎవరి తప్పు లేదు. ఇంకోటి, అండర్-14 ల జనవరిల పుట్టిన పిల్ల, డిసెంబర్ల పుట్టిన పిల్ల ఒక్క గీత మీదనే నిలబడతరు, ఆ వయసుల పదకొండు నెలల తేడా అంటే చిన్నది కాదు. కెనడాల జూనియర్ ఐస్ హాకీ టీములల్ల ఏడాది మొదటి నెలలల్ల పుట్టినోళ్లే ఎక్కువ ఉన్నరని 1985 లనే లెక్కదీసి చూపెట్టిన్రు. మన దిక్కు అయితే బడిల చేర్పించినప్పుడు సార్లు రాసిన జూన్ పుట్టినరోజులే సగం మందికి, అసలు వయసు కాయితంల దొరకదు. క్రికెట్ బోర్డు అండర్-16 పిల్లలకు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తదంటే ఊకెనే కాదు.

నాకు అసలు బాధ ఏందంటే, ముందు పెరిగి గెలిచే పిల్లకు ఎవరూ ఏమీ నేర్పరు. గెలుస్తుంది కదా అని ఇడిచిపెడతరు. మీ బిడ్డ రనప్, అంటే దూకే ముందు ఉరికే దూరం, ఎవరన్న టేపు పెట్టి కొలిచిన్రా? ఎగిరేటప్పుడు కాలు పెట్టే పలక, టేకాఫ్ బోర్డు, దాని మీద ఏ కాలు పడుతుందో చూసిన్రా? ఫస్టు వచ్చిన రెండేండ్లల్ల నేర్పాల్సింది అదే.

జడ్చర్ల 800
పీఈటీ సార్ చెప్పింది నూటికి నూరు కరెక్టు. నేను హైస్కూల్ల 800 ఉరికేటోన్ని, తొమ్మిదో క్లాసుల ఒక్క ఎండాకాలంల మస్తు ఎత్తు పెరిగిన, పెరిగినంక నా కాళ్లు నావి కానట్టు ఉండె, స్టెప్ ఏడ పడుతుందో తెల్వకపోయేది. మోకాలి చిప్ప కింద బొడిపె లేచి నొప్పి, మెట్లు దిగనీయకపోయేది. అప్పటి కోచ్ నొప్పి లేకుంటె ఆట లేదని హైవే పక్కన తారు రోడ్డు మీదనే ఉరికిచ్చేటోడు. ఆ బొడిపె పెరిగే వయసుల ఎముకను తొడ కండరం గుంజుడుతోని వస్తదని, ప్రాక్టీసు తగ్గించి, దూకుడు కొన్నాళ్లు ఆపి, తొడ కండరాలు సాగదీస్తే ఎక్కువ మందికి తగ్గుతదని తర్వాత ఫిజియో చెప్పిండు. అన్నా, మీ బిడ్డను మోకాళ్లు, మడిమెలు నొస్తున్నయా అని మీరే అడుగుండ్రి, టీంలకెళ్లి తీస్తరని పిల్లలు దాచిపెడతరు.

అచ్చంపేట అమ్మ
అందరు మగోళ్లే రాస్తున్నరు కాబట్టి నేను చెప్త. ఎనిమిదో క్లాసు ఆడపిల్ల అంటే పెద్దమనిషి అయ్యే వయసు. ముందు హిమోగ్లోబిన్ టెస్టు చేయించుండ్రి అన్నా. ఈ వయసు ఆడపిల్లలకు 12 కంటె తక్కువుంటె రక్తహీనత, నాలుగో ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఏది జూసినా మన దేశంల 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లలల్ల సగానికి మించి దీంతోనే ఉన్నరు. రక్తం తక్కువుంటె 400 ల చివరి వంద మీటర్లు కాళ్లు రావు, దాన్నే మనం బద్ధకం అంటం. మా పెద్దదానికి గట్లనే అయితుండె, పీహెచ్‌సీల చూపించి మందులు వాడినంక కోలుకున్నది. బడిల వారానికి ఒకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ గోలి పారేయకుండ మింగమనండి. అన్నం తిన్న ఎంబడే చాయ్ తాగనీయకుండ్రి, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనీయదు. తోటకూర, పప్పు, గుడ్డు, తింటె కాలేయం, పైన నిమ్మకాయ పిండుకుంటె ఇంకా మంచిది.

ఇంకొకటి ఎవరూ మాట్లాడరు. గ్రౌండ్ల బాత్రూం ఉన్నదా? బట్టలు మార్చుకునే జాగ ఉన్నదా? లేదని పొద్దున నీళ్లు తాగకుండ పోయే పిల్లలు నాకు తెలుసు. గట్ల ఎండల ఉరికితే టైమింగ్ ఏం వస్తది చెప్పుండ్రి. నెలసరి అప్పుడు రమ్మనాల్నా వద్దా అని కోచ్‌తోని మాట్లాడేటోళ్లు లేక ఆట ఇడిచిపెట్టిన పిల్లలు మా ఊర్లనే ఉన్నరు.

ఎన్జీ గ్రౌండ్ నల్లగొండ
రెండు పూటల ప్రాక్టీసు, ఒక్కరోజు మానదు అన్నరు చూడుండ్రి, నాకు ఆడనే భయమైంది. అమెరికాల పిల్లల డాక్టర్ల సంఘం 2016 ల చెప్పిన ప్రకారం వారంల ఒకటి రెండు రోజులు సెలవు ఉండాలె, ఏడాదిల కనీసం మూడు నెలలు ఆ ఆటకు దూరముండాలె, ఒకేసారి గాకున్నా నెల నెల విడదీసి అయినా సరే. ఇంకో లెక్క గూడ ఉన్నది, పిల్లకు ఎన్ని ఏండ్లో వారంల అన్ని గంటలు దాటొద్దు, దాటినోళ్లకు దెబ్బలు ఎక్కువ తగిలినయని ఇంకొక పరిశోధనల తేలింది. 13 ఏండ్ల పిల్ల రెండు పూటలు రోజు చేస్తే ఎంతవుతదో మీరే లెక్కేసుకోండి. మా పిల్లగాడు ఫాస్ట్ బౌలింగ్, వారమంత ఈడ నెట్స్, ఆదివారం హైదరాబాద్ల అకాడమీ, రెండు దిక్కుల కోచ్‌లు ఒకరినొకరు అడగకుండ ఓవర్లు ఏపిచ్చిన్రు, చివరికి నడుం ఎముకల చీలిక తేలింది. నెలలకు నెలలు కూసున్నడు.

నిద్ర గూడ జూడుండ్రి. ఎనిమిది గంటల కంటె తక్కువ పడుకునే హైస్కూల్ పిల్లలకు దెబ్బలు 1.7 రెట్లు ఎక్కువని ఒక అధ్యయనంల వచ్చింది. రాత్రి పది దాక స్టడీ అవర్, పొద్దున నాలుగున్నరకు లేపుడు ఉన్న హాస్టళ్లల్ల పిల్లలు ఎట్ల బాగుపడతరు?

కోల్‌కొండ షటిల్
ఇంత సెలవులిస్తే బ్యాడ్మింటన్‌ల నడవదు అన్నా. చిన్నప్పటి నుంచి పట్టుకుంటేనే చేయి తిరుగుతది. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ గూడ నాలుగో క్లాసులనే తీసుకుంటది కదా.

పాలమూరు పీఈటీ
తీసుకుంటది, కానీ ఎట్ల తీసుకుంటదో చూడుండ్రి. 30 మీటర్ల ఉరుకుడు, స్టాండింగ్ బ్రాడ్ జంప్, షటిల్ రన్ అంటే అటు ఇటు తిరిగి ఉరుకుడు, మెడిసిన్ బాల్ అంటే బరువు బంతి ఇసురుడు, 800 మీటర్లు, ఇవి చూస్తరు. ఒక్క ఆట చూడరు, ఒంటి సత్తా చూస్తరు. బ్యాడ్మింటన్, జిమ్నాస్టిక్స్ లాంటివి తొందరగ మొదలువెట్టాలె, ఒప్పుకుంట. కానీ ఉరికే ఆటలకు గట్ల కాదు. మన తెలంగాణ పిల్ల అగసర నందిని హర్డిల్స్ చేసుకుంట ఏడు పోటీలు కలిపి ఉండే హెప్టాథ్లాన్‌కు మారి 2023 ల హాంగ్‌జౌ ఆసియా క్రీడలల్ల 5712 పాయింట్లతోని కాంస్యం తెచ్చింది, బాక్సర్ నిఖత్ జరీన్ గూడ మొదలు అథ్లెటిక్స్‌లనే ఉండె, తర్వాతనే గ్లౌజులు తొడిగింది. సాధన ఎంత చేసినా ఆటలల్ల మనిషికీ మనిషికీ మధ్య వచ్చే తేడాల దాని వాటా 18 శాతమని 2014 ల ఎన్నో పరిశోధనలు కలిపి జూస్తే తేలింది. మిగతాది ఎత్తు, పుట్టుక, తిండి, నేర్పేటోడు, ఇంట్ల పరిస్థితి, అన్నీ.

మద్దూరు కబడ్డి
ఇంట్ల పరిస్థితి అన్నరు కాబట్టి రాస్తున్న. మా దిక్కు దసర పోయిందంటె అమ్మ నాయనలు పుణెకో బొంబాయికో మేస్త్రి పనికి పోతరు, పిల్లలు ఒకసారి వాళ్లెంట, ఒకసారి అవ్వ దగ్గర. మా టీంల మంచి రైడర్ ఉండె, జిల్లా మ్యాచ్ టైముకు ఆడ ఉండె. టాలెంట్ లేక కాదు. గురుకులంల సీటు వచ్చిన పిల్లలే ఏడాదంత ఒక్క గ్రౌండ్ల, ఒక్క సార్ దగ్గర ఉన్నరు, వాళ్లే స్టేట్ దాక పోయిన్రు. సెలక్షన్స్ పెట్టేటోళ్లు ఈ లెక్క గూడ చూడాలె.

మిర్యాలగూడ నాయన
అందరికీ దండం. పీఈటీ సార్ అడిగింది నిజమే, ఆరో క్లాసుల మా బిడ్డనే క్లాసుల అందరికంటె పొడుగు. రనప్ ఇప్పటిదాక ఎవరూ కొలవలే, అందాజతోనే ఉరికి దూకుతది. రక్తం టెస్టుకు రేపు తీసుకపోతున్న, మోకాళ్ల సంగతి అడిగితే మడిమె నొస్తుందని ఇప్పుడు చెప్పింది. ఆదివారం పూర్తి సెలవు, పొద్దుటి పూట గూడ సగానికి తగ్గించినం. సార్, రనప్ ఎట్ల మార్క్ చేయాలె?

పాలమూరు పీఈటీ
మడిమె నొప్పి తగ్గేదాక దూకుడు వద్దు. తగ్గినంక టేకాఫ్ బోర్డు మీద నిలబెట్టి ఇసుక పిట్ దిక్కు వీపు పెట్టి ఉరికియ్యండి, పన్నెండో అడుగు ఏడ పడుతుందో మీరు పక్కన నిలబడి గుర్తు పెట్టుండ్రి. ఐదారు సార్లు చూసి, ఆ గుర్తులల్ల నడిమిదాని దాక బోర్డు కాడికెళ్లి టేపుతోని కొలిచి రాసుకోండి. నెలకోసారి మళ్ల కొలవాలె, పిల్ల పెరుగుతుంది కాబట్టి గుర్తు గూడ మారుతది. అండర్-17 కు ఇంకా చాల టైం ఉన్నది.