జూనియర్ జట్టులోనే బ్యాకప్‌గా ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రాడీ మిషిగన్ దాకా ఎలా వెళ్లాడు?

ఎండ్‌జోన్:
శాన్ మటేయోలోని సెర్రా హైస్కూల్లో చేరిన కొత్తలో బ్రాడీ ఉన్న జూనియర్ జట్టు 8 మ్యాచ్‌లూ ఓడిపోయిందట. అందులోనూ అతను బ్యాకప్పేనట, అంటే అసలు ఆటగాడి బదులు అవసరమైతే దింపేవాడు. మరి 1995లో మిషిగన్ యూనివర్సిటీ ఏం చూసి తీసుకుంది? హైస్కూల్ లెక్కలేమో మామూలుగానే ఉన్నాయి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పరూ.

స్పైరల్:
నిజమేనండి. ఆ జట్టు సీజన్ మొత్తంలో ఒక్క టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి చేసే స్కోరు) కూడా చేయలేదు. అయినా అతన్ని ముందు దింపలేదు. తర్వాత క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి దాడిని నడిపించే ఆటగాడు) స్థానం ఖాళీ అయితే అవకాశం వచ్చింది. 11, 12 తరగతుల్లో వర్సిటీ జట్టుకు, అంటే స్కూలు ప్రధాన జట్టుకు, అతనే క్వార్టర్‌బ్యాక్.

ఆ రెండేళ్లలో 447 పాస్‌లు విసిరితే 236 అందాయి, వాటితో జట్టు 3,702 గజాలు ముందుకెళ్లింది, 31 టచ్‌డౌన్లు వచ్చాయి. అంటే అందిన పాస్‌లు దాదాపు 53 శాతం. తక్కువే అనిపిస్తుంది, కానీ ప్రతి పాస్‌కూ సగటున 8 గజాలకు పైగా వచ్చాయి చూడండి. పక్కనే ఉన్నవాడికి చిన్న పాస్‌లిచ్చి శాతం పెంచుకునే ఆట కాదది. నా దృష్టిలో ఇక్కడ అసలు అంకె అదే.

పాకెట్‌పాసర్:
లెక్కలకన్నా కాళ్లు ముఖ్యం. బ్రాడీ వేగంగా పరుగెత్తగలిగినవాడు కాదు. సెర్రాలో చేయించే ఐదు చుక్కల డ్రిల్‌ను ఇంటి పెరట్లో కూడా చుక్కలు గీసుకుని సాధన చేశాడు. విసిరే పద్ధతిని కాలేజ్ ఆఫ్ శాన్ మటేయో కోచ్ టామ్ మార్టినెజ్ దిద్దాడు. ప్రొఫెషనల్ అయ్యాక కూడా బ్రాడీ ఆయన దగ్గరికే వెళ్లేవాడు.

ఎండ్‌జోన్:
ఆ డ్రిల్ ఎలా చేయాలండి?

పాకెట్‌పాసర్:
మామూలు కొలతలు చెబుతాను. 36 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పుతో దీర్ఘచతురస్రం అనుకుని నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు, నడిమధ్య ఒకటి. వెనక రెండు చుక్కల మీద చెరో కాలు పెట్టి నిలబడాలి. రెండు కాళ్లూ కలిపి మధ్యకు గెంతి, ముందు చుక్కల మీదకు విడదీసి, అదే దారిలో వెనక్కి రావాలి. ఇది 6 సార్లు. తర్వాత కుడికాలితో ఐదు చుక్కలూ, ఎడమకాలితో, రెండు కాళ్లూ కలిపి, ఒక్కోటి 6 సార్లు. చివరిది మొదటిదానిలాగే, కాకపోతే ముందు చుక్కల దగ్గర గాల్లోనే వెనక్కి తిరిగి రావాలి. ఇదీ 6 సార్లే.

చాలామంది మడమల మీద దిగుతారు. బరువు వెనక్కి పడి తర్వాతి గెంతు ఆలస్యమవుతుంది. మునివేళ్ల మీదే దిగాలి. చుక్కలు అలవాటయ్యాక పాదాల వైపు చూడకూడదు, ఎందుకంటే మ్యాచ్‌లో కళ్లు రిసీవర్ల (పాస్ అందుకునే ఆటగాళ్ల) మీద ఉండాలి. అలసిపోయి అడుగులు చెదిరితే ఆపేయండి, తప్పు అడుగే అలవాటైపోతుంది.

నాలుగోడౌన్:
బేస్‌బాల్ సంగతి వదిలేశారు! అతను ఎడమచేతి వాటం బ్యాటర్, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు). 1995 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మాంట్రియల్ ఎక్స్‌పోస్ అనే బేస్‌బాల్ జట్టు 18వ రౌండ్‌లో తీసుకుంది. రౌండ్ చూసి తక్కువ అంచనా వేయకండి, రెండో రౌండ్ చివర్లోనో మూడో రౌండ్ మొదట్లోనో ఎంపికైనవాళ్లకు ఇచ్చేంత డబ్బు ఇస్తామన్నారు. అతను ఫుట్‌బాల్‌నే ఎంచుకున్నాడు.

మిషిగన్ ఏం చూసిందంటే, వీడియో. అప్పట్లో ఆటను క్యాసెట్‌లో ఎక్కించి కాలేజీలకు పంపాల్సిందే, బ్రాడీ ఇంట్లోవాళ్లూ అలాగే పంపారు. కాలిఫోర్నియా కుర్రాడు అంత దూరం మిషిగన్ కోచ్‌ల కంట్లో పడింది అందులోనే. అసిస్టెంట్ కోచ్ బిల్ హారిస్ అతన్ని మిషిగన్‌కు రప్పించాడు.