న్యూజెర్సీలో ఉన్న గవర్నరే 2021లో ఓడిపోయేంత పని ఎందుకైంది?

తెనాలి మాస్టారు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. 2025 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఉదయం నడకకు వెళ్తే ఇళ్ల ముందు గడ్డిలో చిన్న చిన్న అట్టలు పాతి ఉండేవి. కొన్నింటి మీద డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి మికీ షెరిల్ పేరు, కొన్నింటి మీద రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి జాక్ చిటరెల్లి పేరు. గవర్నర్ ఎన్నికట. రాష్ట్రపతి గవర్నర్‌ను నియమిస్తారు, 155వ అధికరణ అని ఏళ్ల తరబడి పిల్లల చేత కంఠస్థం చేయించిన నాకు ఇది కొత్తగా అనిపించింది.

ఈ చిటరెల్లి 2021లో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీని దాదాపు ఓడించినంత పని చేశాడని మా అల్లుడు చెప్పాడు. అధికారంలో ఉన్న మనిషి, తన డెమొక్రాటిక్ పార్టీకి బలమున్న రాష్ట్రం, అయినా అంత దగ్గరికి ఎలా వచ్చింది? ఆ మర్ఫీ 2025లో ఎందుకు నిలబడలేదు? అక్కడే ఉండి చూసినవారు ఎవరైనా వివరంగా చెబితే సంతోషిస్తాను.

రారిటన్ ఒడ్డు

మాస్టారూ, నమస్కారం. 2021 నవంబరు 2న మిడిల్‌సెక్స్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఒక పోలింగ్ కేంద్రంలో చీకటితో వెళ్లి, రాత్రి ఎనిమిదికి తలుపులు మూసేదాకా పనిచేశాను. అందుకని కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి.

ఇక్కడి గవర్నర్ మన ముఖ్యమంత్రి లాంటివాడే కానీ, చట్టసభలో బలం పోయినా పదవి పోదు. న్యూజెర్సీ గవర్నర్ చేతిలో అధికారం చాలా ఎక్కువ. రాష్ట్ర ప్రభుత్వంలో రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకునేది గవర్నర్‌నూ, ఆయనతో జంటగా నిలబడే లెఫ్టినెంట్ గవర్నర్‌నూ మాత్రమే. అటార్నీ జనరల్, కౌంటీ ప్రాసిక్యూటర్లు, రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అందరూ గవర్నర్ ఎంపిక చేసి రాష్ట్ర సెనేట్, అంటే చట్టసభలోని ఎగువ సభ, ఆమోదించినవారే. బడ్జెట్‌లో నచ్చని పద్దు ఒక్కదాన్నే కొట్టేయవచ్చు కూడా. అయితే వరుసగా రెండుసార్లకు మించి ఆ కుర్చీలో కూర్చోకూడదు. 2017లోనూ 2021లోనూ గెలిచిన మర్ఫీ 2025లో దూరంగా ఉండక తప్పలేదు.

రెండోసారి గెలవడం ఈ రాష్ట్రంలో డెమొక్రాట్లకు అచ్చిరాని సంగతి. 1976లో అప్పటి గవర్నర్ బ్రెండన్ బర్న్ రాష్ట్రంలో ఆదాయపు పన్ను తెచ్చాడు. ఇక ఇంటికే అన్నారు అందరూ, కానీ 1977లో గెలిచాడు. జిమ్ ఫ్లోరియో 1990లో పన్నులు పెంచాడు, 1993లో క్రిస్టీన్ విట్‌మన్ చేతిలో సుమారు 26 వేల ఓట్లతో పోయాడు. 2009లో జాన్ కోర్జైన్ క్రిస్ క్రిస్టీ చేతిలో ఓడాడు. అంటే బర్న్ తర్వాత 44 ఏళ్లకు మళ్లీ గెలిచిన డెమొక్రాట్ మర్ఫీయే.

ఆ గెలుపు కూడా ఎంతలో? 26 లక్షల చిల్లర ఓట్లలో సుమారు 84 వేల తేడా. అంతకు ముందు ఏడాదే అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్ బైడెన్ ఇదే రాష్ట్రంలో 16 శాతం పాయింట్ల దాకా ఆధిక్యం తెచ్చుకున్నాడు. ఎన్నికకు కొద్ది రోజుల ముందు మన్మత్ విశ్వవిద్యాలయం సర్వే మర్ఫీ 11 పాయింట్లు ముందున్నాడని చెప్పింది. తర్వాత ఆ సర్వే అధిపతే తప్పు తనదని పత్రికలో రాసి క్షమాపణ చెప్పాడు. ఆ రాత్రి చాలాసేపు చిటరెల్లి ముందున్నాడు. ఫలితం తేలింది మర్నాడు సాయంత్రానికి. ఆయన ఓటమిని ఒప్పుకున్నది నవంబరు 12న. ఇంతకంటే విచిత్రం దక్షిణ జెర్సీలో జరిగింది. 2010 నుంచి రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడిగా ఉన్న డెమొక్రాట్ స్టీవ్ స్వీనీని ఎడ్వర్డ్ డర్ అనే లారీ డ్రైవరు ఓడించాడు.

నాకు తెలిసి అసలు కారణం ధీమా. మా వీధిలోనే మూడు తెలుగు కుటుంబాలు ఓటుకు వెళ్లలేదు. "మర్ఫీ ఎలాగూ గెలుస్తాడు కదండీ" అన్నారు. అధ్యక్ష ఎన్నిక లేని ఏడాది అది, నమోదైన ఓటర్లలో పదిమందికి నలుగురే కదిలారు. పౌరసత్వం కోసం ఏళ్ల తరబడి వరుసల్లో నిలబడినవాళ్లు ఒక్క సాయంత్రం అరగంట నిలబడలేకపోయారంటే నాకు ఈ రోజుకీ మనసు చివుక్కుమంటుంది.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చారు. జరీ అంచు చీర, దాని మీద ఉన్ని కోటు. ఆ ఏడాదే ఓటర్ల జాబితా పుస్తకాలు పోయి టాబ్లెట్ కంప్యూటర్లు వచ్చాయి. తెర మీద సంతకం చేయమని పుల్లలాంటి కలం ఇస్తే పట్టుకుని నిదానంగా తెలుగులో సంతకం చేశారు. పాత సంతకంతో పోల్చి చూశాం, అదీ తెలుగే. ఓటేసి తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చి ఎడమ చేతి చూపుడు వేలు చాచి అలాగే నిలబడ్డారు. నాకు ఒక క్షణం అర్థం కాలేదు. "సిరా చుక్క పెట్టవా అమ్మా?" అన్నారు. ఇక్కడ పెట్టరని చెప్పి, ఓటేశానని రాసి ఉండే చిన్న స్టిక్కర్ ఇచ్చాను. దాన్ని కోటుకు కాకుండా ఆ వేలికే చుట్టుకుని వెళ్లారు.

పన్నుల లెక్క

రారిటన్ ఒడ్డు గారు చక్కగా రాశారు కానీ, ధీమా ఒక్కటే కారణమంటే ఒప్పుకోను. నేను అకౌంటెంట్‌ను, ఈ బాధ రోజూ వింటాను. ఇక్కడ ఇంటి మీద ఆస్తి పన్ను 2021 నాటికే సగటున ఏడాదికి 9 వేల డాలర్లు దాటింది. దేశంలోనే అత్యధికం. ఆ పన్ను మూడు నెలలకోసారి కట్టాలి. ఒక గడువు నవంబరు 1. ఎన్నిక నవంబరు 2. సోమవారం చెక్కు రాసిన మనిషి మంగళవారం ఓటేశాడు. అంతకంటే చెప్పేదేముంది?

పన్నొక్కటే మీ సమస్య అయితే మా రాష్ట్రం మీకు సరిపోదేమో అన్న అర్థంలో 2019లో మర్ఫీ ఒక మాట జారాడు. చిటరెల్లి ప్రకటనల్లో ఆ మాట మోగిపోయింది. న్యాయంగా చెప్పాలంటే ఈ పన్ను వేసేది గవర్నర్ కాదు. ఊరు, కౌంటీ, బడుల బోర్డు. సగానికి పైగా బడులకే పోతుంది. పాతికేళ్లుగా అరకొరగా జమ చేస్తూ వచ్చిన ఉద్యోగుల పింఛను నిధికి 2021లో పూర్తి వాటా కట్టింది కూడా మర్ఫీయే. అది మంచి పని, నేను మెచ్చుకుంటాను. కానీ పింఛను నిధి నిండిందని ఎవరి ఇంటికీ ఉత్తరం రాదు. పన్ను బిల్లు వస్తుంది.

రిచ్‌మండ్ తెలుగు

మాస్టారూ, మా వర్జీనియాలో అయితే మీ ప్రశ్నే పుట్టదు. ఇక్కడ గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చేయకూడదు. అమెరికాలో ఈ నియమం ఉన్న రాష్ట్రం ఇదొక్కటే. నాలుగేళ్లు కాగానే దిగిపోవాలి. 2025లో ఇక్కడ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టినవారు. మేరీలాండ్‌లో ఆ పదవిలోకి 2022లో గెలిచి వచ్చిన అరుణా మిల్లర్ పుట్టిందీ హైదరాబాద్‌లోనే.

తెనాలి మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా చదివి మా అమ్మాయికి ఫోను చేసి 2021లో ఓటేశావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. అప్పటికి పౌరసత్వం వచ్చిందట, ఆ రోజు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి పడుకుందట. ఏమీ అనలేదు నేను. 2025లో మాత్రం ముందస్తు ఓటింగు రోజుల్లోనే వెళ్లింది. నేనూ కారులో వెంట వెళ్లాను. షెరిల్ 13 పాయింట్లకు పైగా తేడాతో గెలిచిందని విన్నాక, మన ఒక్క ఓటు లేకపోయినా గెలిచేదే కదా నాన్నా అంది. నాలుగేళ్ల క్రితం రారిటన్ ఒడ్డు గారి వీధివాళ్లు అన్నదీ అదే మాట.

రారిటన్ ఒడ్డు గారూ, ఆ పెద్దావిడ మళ్లీ కనిపించారా?

రారిటన్ ఒడ్డు

కనిపించారు మాస్టారూ, 2025 నవంబరు 4న. ఈసారి చేతికర్రతో వచ్చారు, మనవడు పక్కన ఉన్నాడు. ఓటేసి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి స్టిక్కర్లు రెండు కావాలన్నారు. రెండోది ఆ పిల్లవాడి వేలికి చుట్టారు.