వానలో క్రమం నిజంగా ఉందా, మనమే వెతుక్కుంటున్నామా?

ప్రశ్న: నల్లరేగడి

మా మామయ్య పత్తి రైతు. విత్తనం వేసే ముందు ఆయన చూసేవి రెండే: మృగశిర కార్తె వచ్చిందా, చేలో పదును ఉందా. వాన సకాలంలో పడిన ఏడాది "మృగశిర మాట తప్పలేదు" అంటారు. ఆలస్యమైన ఏడాది "రోహిణిలో ఎండలు సరిగా కాయలేదు, అందుకే వెనకబడింది" అంటారు. వాన పడినా పడకపోయినా ఆయన సూత్రం మాత్రం చెక్కుచెదరదు. మరోవైపు వాతావరణ శాఖ ఏప్రిల్ నెలలోనే ఈసారి ఇంత శాతం వర్షపాతం అని ప్రకటిస్తుంది, ఉగాది పంచాంగం ఎన్ని కుంచాల వానో, అందులో సముద్రం మీద ఎంతో, కొండల మీద ఎంతో, నేల మీద ఎంతో చెబుతుంది. ఇన్ని లెక్కలు చెవిన పడినా, జూన్ రెండో వారంలో గింజ నేలలో వేయాలా ఆగాలా అన్న దగ్గర ఆయన ఒంటరిగానే నిలబడతారు.

నా సందేహం ఇది. వానకు నిజంగా ఒక క్రమం ఉండి మనం దాన్ని పాక్షికంగా పట్టుకుంటున్నామా, లేక అనిశ్చితిని భరించలేని మనసు లేని క్రమాన్ని కల్పించుకుంటోందా? మామయ్య నమ్మకాన్ని తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. విషయం తెలిసినవారు వివరంగా చెబితే మేలు.

సమాధానం: వానలెక్క

నల్లరేగడి గారూ, మీరు అడిగిన రెండూ నిజమేనని నా అభిప్రాయం. అయితే ఏది ఎక్కడ నిజమో వేరుచేసి చూడాలి.

ముందుగా కార్తెల సంగతి. మన పండుగలు చాలావరకు చాంద్రమానం ప్రకారం నడుస్తాయి కాబట్టి ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరిగి, అధిక మాసంతో మళ్ళీ ముందుకు వస్తాయి. కానీ సేద్యానికి మన పెద్దలు చంద్రుణ్ణి నమ్ముకోలేదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను ఒక్కో కార్తెగా తీసుకుని, ఏడాదిని ఇరవై ఏడు కార్తెలుగా పంచుకున్నారు. అందువల్ల మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే ప్రవేశిస్తుంది. ఋతువును నడిపేది సూర్యుడే గనుక ఈ ఎంపిక ఎంతో ఆలోచించి చేసినది. నైరుతి రుతుపవనాలు సగటున జూన్ 1న కేరళను తాకి, మరో వారానికి తెలంగాణలో ప్రవేశిస్తాయి. మృగశిర సరిగ్గా ఆ సగటు మీదే కూర్చుంది. ఇది కల్పన కాదు, తరతరాల పరిశీలన.

చిక్కంతా సగటును మాటగా తీసుకోవడంలో ఉంది. 2023లో రుతుపవనాలు కేరళకు జూన్ 8న వచ్చాయి, 2025లో మే 24నే వచ్చాయి. ఆ రెండు తేదీల మధ్య ఎడం ఒక కార్తె కంటే పెద్దది. కార్తె ఋతువు ఎప్పుడో చెప్పగలదు గాని, ఈ ఏటి వాన ఎప్పుడో చెప్పలేదు. ఈ తేడా పాతవారికి తెలియనిదేమీ కాదు. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అన్న నోటితోనే "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుంది" అని కూడా అన్నారు. చిత్త కార్తె వచ్చే అక్టోబరులో పడేది ఎక్కువగా ఉరుముల వాన, ఒక ఊళ్ళో కురిసి పక్క ఊరిని ఎండగట్టే వాన. క్రమం లేనిచోట లేదని ఒప్పుకున్న ఆ సామెత మీద నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఇక శాస్త్రజ్ఞుల వైపు చూస్తే, క్రమం కోసం వారు పడ్డ ఆరాటం మీ మామయ్య ఆరాటానికి ఏమాత్రం తీసిపోదు. 1876-78 కరువులో దక్షిణాదిన లక్షల మంది చనిపోయినప్పుడు, మద్రాసు వర్షపాతానికీ సూర్యుడి మచ్చల పదకొండేళ్ళ చక్రానికీ సంబంధం ఉందని లాకియర్, హంటర్ అనే ఇద్దరు 1877లో వాదించారు. ఆ సంబంధం తరువాత నిలబడలేదు. భారత వాతావరణ శాఖకు తొలి అధిపతి అయిన బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మీద మంచు ఎక్కువగా పేరుకుంటే ఆ ఏడు వానలు తగ్గుతాయని గమనించి, 1880లలో దాని ఆధారంగా ముందస్తు సూచనలు మొదలుపెట్టారు. 1904లో ఆ బాధ్యత చేపట్టిన గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడు. ప్రపంచం నలుమూలల నుంచి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం లెక్కలు తెప్పించి, గుమాస్తాల చేత వాటి మధ్య పొంతనలు కట్టించారు. పసిఫిక్ మీద గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందని, అటు తగ్గితే ఇటు పెరుగుతుందని గమనించి, 1924లో దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టారు. అది నిజమైన క్రమమే. కానీ ఎందుకు జరుగుతుందో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. దాన్ని ఎల్ నీనోతో, అంటే కొన్నేళ్ళకొకసారి పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల నీరు వేడెక్కడంతో, ముడిపెట్టి వివరించడానికి 1969లో బ్యెర్క్నెస్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

అసలు పాఠం మాత్రం 2002లో ఉంది. 1988 నుంచి మన వాతావరణ శాఖ పదహారు సూచికల పద్ధతి వాడింది: ఎక్కడెక్కడి వేడి, పీడనం, గాలులు, మంచు అన్నీ కలిపిన లెక్క. 1987 కరువు తరువాత పద్నాలుగేళ్ళు దేశవ్యాప్త కరువు రాలేదు, పద్ధతి ఏటా సాధారణ వర్షపాతమే అన్నది, ఏటా ఒప్పయింది. 2002లోనూ సాధారణమే అన్నారు. ఆ జూలైలో పడవలసిన వానలో దాదాపు సగమే పడింది, సీజను మొత్తానికి లోటు 19 శాతం. కరువే రాని కాలంలో "కరువు రాదు" అన్న జోస్యం ఎంత సులభంగా నెగ్గుతుందో ఆ ఏడాది తేలింది. పద్ధతిని మార్చారు. అయినా సాధారణమని చెప్పిన 2004లో మళ్ళీ కరువు వచ్చింది.

సమాధానం: సంభావ్యత

పై సమాధానానికి మనసు వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను. యాదృచ్ఛికమైనది సమంగా పరుచుకుని ఉంటుందని మనం ఆశిస్తాం. అది గుంపులు గుంపులుగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద జర్మనీ ఎగిరే బాంబులు ప్రయోగించినప్పుడు, అవి కొన్ని పేటలనే గురిపెట్టి పడుతున్నాయని జనం నమ్మారు. ఆర్.డి. క్లార్క్ అనే గణకుడు దక్షిణ లండన్‌ను 576 సమాన గడులుగా విభజించి, అక్కడ పడిన 537 బాంబులను లెక్కించి 1946లో ప్రచురించారు. ఒక్క బాంబూ పడని గడులు 229. గురి లేకుండా పడితే ఎన్ని గడులు ఖాళీగా మిగలాలో లెక్కగడితే వచ్చింది సుమారు 227. జనం చూసిన గుంపులు నిజమే, వాటి వెనుక ఉందనుకున్న ఉద్దేశమే లేదు. వరుసగా మూడు కరువులు వచ్చినప్పుడు గ్రామదేవతకు కోపం వచ్చిందనో, చెరువు గట్టు మీద చెట్టు కొట్టినందుకనో అనుకోవడం కూడా ఈ కోవలోదే.

అలాగని నియమం ఉన్నచోటల్లా జోస్యం కుదురుతుందనీ అనుకోకూడదు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు తన కంప్యూటర్‌లోని వాతావరణ నమూనాను మధ్యలో నుంచి మళ్ళీ నడిపిస్తూ, 0.506127 అన్న అంకెకు బదులు 0.506 ఇచ్చారు. కొంతసేపు రెండు ఫలితాలూ కలిసే నడిచి, ఆ తరువాత పూర్తిగా విడిపోయాయి. సమీకరణాల్లో యాదృచ్ఛికత రవ్వంతైనా లేదు, అయినా ముందుచూపుకు హద్దు ఏర్పడింది. రోజువారీ వాతావరణానికి ఆ హద్దు సుమారు రెండు వారాలు.

నల్లరేగడి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్క విషయం ఇంకా అర్థం కాలేదు. రెండు వారాలే హద్దయితే, ఏప్రిల్‌లో సెప్టెంబరు దాకా వానల శాతం చెప్పడంలో అర్థం ఏముంది? అది కూడా మామయ్య రోహిణి ఎండల వంటిదేనా?

వానలెక్క

కాదు, ఎందుకో చెబుతాను. జూలై 14న మీ ఊళ్ళో వాన పడుతుందా అన్నది ఏప్రిల్‌లో ఎవరూ చెప్పలేరు. కానీ నాలుగు నెలల మొత్తాన్ని నెమ్మదిగా మారే సముద్రపు వేడి కొంతవరకు నడిపిస్తుంది. ఉష్ణమండలంలో ఇది సాధ్యమని 1981లో చార్నీ, శుక్లా అనే శాస్త్రజ్ఞులు చూపించారు. ఆ బంధం కూడా ఇనుప గొలుసేమీ కాదు. ఎల్ నీనో వచ్చిన ఏడు మన వానలు తరచు తగ్గుతాయి. కానీ 1997లో శతాబ్దంలోకెల్లా బలమైన ఎల్ నీనోలలో ఒకటి వచ్చినా మన దేశంలో వానలు సగటు కంటే కొంచెం ఎక్కువగానే పడ్డాయి. ఆ ఏడు ఎల్ నీనో దెబ్బను కొంత తగ్గించిందనుకునే, హిందూ మహాసముద్రం పడమర భాగం వేడెక్కి, తూర్పు భాగం చల్లబడే ధోరణిని శాస్త్రజ్ఞులు గుర్తించి పేరు పెట్టింది ఆ తరువాత, 1999లో. తేడా ఇక్కడే ఉంది. మామయ్య సూత్రం తప్పినప్పుడు రోహిణి వచ్చి దాన్ని కాపాడుతుంది. 1997 తప్పినప్పుడు మాత్రం ఆ తప్పును పట్టుకుని సముద్రంలో ఇంకేం జరుగుతోందో వెతికారు. ముందే అంకె రాసిపెట్టి, తరువాత కొలిచి చూసేవారికే ఆ అవకాశం దక్కుతుంది.

సమాధానం: పొలంగట్టు

నేను వ్యవసాయ విస్తరణలో పనిచేసినవాణ్ణి. మీ మామయ్య గారు చూసే రెండింటిలో రెండోదానికి విలువ ఎక్కువ. నల్లరేగడిలో పత్తి గింజ వేయడానికి ముందు 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోతుగా తడవాలని చెబుతాం. మృగశిర మొదటి జల్లుకే ఆశపడి, పైపైన తడిసిన దుక్కిలో విత్తితే, గింజ ఉబ్బి మొలకెత్తేలోగా బెట్ట వస్తుంది, మొలక మాడిపోతుంది, విత్తనం డబ్బు రెండోసారి పెట్టాలి. దున్నిన చేలో ఒక జానెడు లోతు తవ్వి, అడుగున ఉన్న మట్టిని పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి. పైన ముద్ద కట్టి అడుగున పొడిగా రాలితే ఆగాలి. వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు జిల్లాలవారీగా ఇచ్చే వ్యవసాయ సలహాలో రాబోయే అయిదు రోజుల వాన వివరం ఉంటుంది, అది రెండు వారాల హద్దుకు బాగా లోపలే ఉంది. కార్తెను చూసి దుక్కులు, విత్తనం, ఎరువు సిద్ధం చేసుకోమనండి. గింజ వేసే రోజును మాత్రం ఆ జానెడు గుంత, ఆ అయిదు రోజుల సూచన చూసి నిర్ణయించుకోమనండి.