‘రాత్రి ఎనిమిదో గంట’ అంటే 1:15నా, 2:30నా?

6వ శతాబ్దపు బెనెడిక్ట్ మఠ నియమావళి 8వ అధ్యాయం ప్రకారం నవంబరు 1 నుంచి ఈస్టర్ దాకా సన్యాసులు ‘రాత్రి ఎనిమిదో గంట’కు ప్రార్థనకు లేవాలి. దీన్ని మన గడియారంలోకి మార్చబోతే తేలడం లేదు.

అప్పటి గంటంటే 60 నిమిషాలు కాదు, పొద్దుగూకింది మొదలు పొద్దుపొడిచేదాకా ఉన్న కాలంలో 12వ వంతు. బెనెడిక్ట్ మఠం ఉన్న ఇటలీలోని మోంటే కసీనోలో చలికాలపు అతి పొడవైన రాత్రి సుమారు 15 గంటలు, కాబట్టి వంతుకు 75 నిమిషాలు. సాయంత్రం 4:30 నుంచి లెక్కేస్తే ఏడు వంతులు నిండేసరికి 1:15, ఎనిమిది నిండేసరికి 2:30. (ఎప్పుడూ 2 గంటలే అని రాసేవాళ్లు రాత్రీపగలూ సమానమైన రోజు లెక్కనే చలికాలమంతా రుద్దుతున్నారు.) అదే అధ్యాయంలోని ‘సగం రాత్రికి మించి కాస్త నిద్ర’ అన్న మాటతో సరిచూశాను. సగం రాత్రి 12కే అయిపోతుంది, రెండూ నప్పుతున్నాయి.

ఆనాటి లాటిన్ వాడుకలో ‘ఎనిమిదో గంటకు’ అంటే ఎనిమిదో వంతు మొదలైనప్పుడా, ముగిసినప్పుడా?