సీయూఈటీ ఇంగ్లీష్ పాసేజీలు: రెండు ఆప్షన్ల దాకా వస్తున్నా, చివరికి తప్పుదే పెడుతున్నా

బైపీసీ_టు_బీఏ:

సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకి పెట్టే ప్రవేశ పరీక్ష) ఇంగ్లీష్ రాయబోతున్నా. చదువంతా తెలుగు మీడియం. సిననిమ్స్, ఆంటనిమ్స్, వాక్యాలు వరసలో పెట్టే బిట్లు పర్వాలేదు, ఇబ్బందంతా పాసేజీలతోనే. చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. ప్రశ్నకొచ్చాక రెండు ఆప్షన్లు సులువుగా తీసేస్తా, మిగిలిన రెండిట్లో ఎప్పుడూ తప్పుదే పెడతా. పొడుగు వాక్యాలైతే రెండుమూడుసార్లు చదవాల్సొస్తోంది, టైమంతా అక్కడే పోతోంది.

ప్రశ్నలు ముందు చదవాలా, పాసేజీ ముందు చదవాలా? డౌటున్నవి వదిలేయడం మంచిదా? అందరూ ఇంగ్లీష్ పేపర్ చదవమంటారు, చదువుతున్నా, మార్కుల్లో మాత్రం తేడా లేదు. ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పగలరా?

నిదానంగా_చదువు:

రెండు ఆప్షన్ల దాకా వస్తున్నారంటే పాసేజీ చాలావరకు ఎక్కుతున్నట్టే. ఆప్షన్లని కూడా పాసేజీ అంత జాగ్రత్తగా చదవట్లేదేమో చూసుకోండి. పేపర్ తయారుచేసేవాళ్లు తప్పు ఆప్షన్లని ఊరికే రాయరు. పాసేజీలోని మాటలే తీసుకుని, ఒక్కచోట మెలిపెట్టి వదులుతారు. నమూనా ఒకటి చూడండి, సారం తెలుగులో పెడుతున్నా:

"నగరాల్లో మేడల మీద తేనెపెట్టెలు పెట్టేవాళ్లు పెరుగుతున్నారు. దీనివల్ల పర్యావరణానికి మేలని చాలామంది అనుకుంటారు. అయితే పూలమొక్కలు తక్కువగా ఉన్న పేటల్లో పెంపుడు తేనెటీగలు ఎక్కువైతే, అక్కడే బతికే అడవి తేనెటీగలకు మేత తగ్గిపోవచ్చు. తేనెపెట్టెలతో పాటు మొక్కలు కూడా పెంచితే ఈ ఒత్తిడి కొంత తగ్గుతుంది."

ప్రశ్న: రచయిత ముఖ్యంగా చెప్పేది ఏమిటి?

ఎ) నగరాల్లో తేనెటీగల పెంపకాన్ని ఆపేయాలి.
బి) మేలు చేస్తుందనుకునే ఈ అలవాటు కొన్ని పరిస్థితుల్లో అడవి తేనెటీగలకు ఇబ్బంది కావచ్చు.
సి) పూలమొక్కలు పెంచితే అడవి తేనెటీగలపై ఒత్తిడి తగ్గుతుంది.
డి) పరాగసంపర్కంలో పెంపుడు తేనెటీగల కన్నా అడవి తేనెటీగలే మెరుగు.

జవాబు బి. ఎ ఎందుకు కాదు? రచయిత "తగ్గిపోవచ్చు" అన్నాడు, ఆపేయమని ఎక్కడా అనలేదు. ఇది హద్దు దాటిన ఆప్షన్. డి బయట నిజం కావచ్చు, కాకపోవచ్చు, పాసేజీలో ఆ ఊసే లేదు. సైన్స్ గ్రూపు వాళ్లు ఇలాంటివాటికి ఎక్కువగా పడతారు, ఎక్కడో చదివింది గుర్తొచ్చి టిక్కు పెట్టేస్తారు. అసలు ప్రమాదం సి. అది పాసేజీలో ఉంది, నిజమే, తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అది చివరి వాక్యం ఒక్కదాని సంగతి, అడిగిందేమో మొత్తం పాసేజీ సంగతి. మీరు చివరికి తప్పుదే పెడుతున్నారంటే అందులో సగమైనా ఈ సి రకమే అయివుంటాయని నా అనుమానం.

అందుకే రెండు మిగిలినప్పుడు "ఏది బాగుంది?" అని అడక్కండి. రెండూ బాగానే కనిపిస్తాయి. ఏది తప్పు, ఏ మాట వల్ల తప్పు అని వేలుపెట్టి చూపించండి. ఆల్, ఓన్లీ, నెవర్, ఆల్వేస్, ప్రూవ్స్ లాంటి మాట ఆప్షన్లో కనిపిస్తే పాసేజీలో కూడా అంత గట్టిగా అన్నాడా అని వెనక్కెళ్లి చూడండి. గట్టి మాట ఉన్న ప్రతి ఆప్షనూ తప్పేనని కొందరు సూత్రంలా చెబుతారు, అది నమ్మొద్దు. పాసేజీలోనే "ఎప్పుడూ జరగలేదు" అని రాసుంటే ఆప్షన్లో నెవర్ ఉండటం కరెక్టే.

ఇక ప్రాక్టీస్. ఎన్ని పాసేజీలు చేశామన్నదాని కన్నా చేసిన పాసేజీని మళ్లీ ఎలా చూశామన్నదే లెక్కలోకి వస్తుంది. రోజుకు రెండు చాలు, ఈ వరసలో:

1. టైమర్ పెట్టి చేయండి. కీ చూడొద్దు.
2. టైమర్ తీసేసి అదే పాసేజీ మళ్లీ చేయండి. ప్రతి జవాబు పక్కన ఏ వాక్యం ఆధారంగా పెట్టారో రాయండి. ఆధారం దొరకని జవాబు ఊహే.
3. అప్పుడు కీ తీయండి. మొదటిసారి తప్పయి రెండోసారి ఒప్పయినవి టైమ్ వల్ల పోయినవి. రెండుసార్లూ తప్పయినవి అర్థం కాక పోయినవి. ఈ రెండిటికీ మందు వేరు.
4. తప్పు పక్కన కారణం ఒక్క ముక్కలో రాయండి: పదం తెలియలేదు, వాక్యం విడలేదు, ప్రశ్న సరిగా చదవలేదు, హద్దు దాటిన ఆప్షన్, పాసేజీలో లేనిది, ఒక్క భాగానికే సరిపోయేది.

ఇరవై పాసేజీలయ్యాక ఆ కారణాలు లెక్కపెట్టండి. ఏదో ఒక కారణం మిగతావాటిని మించి కనిపిస్తుంది. ఆ తర్వాత వారం దాని మీదే పని.

కర్త_ఎక్కడ_క్రియ_ఎక్కడ:

పైన చెప్పింది ఆప్షన్ల సంగతి. పొడుగు వాక్యం రెండుమూడుసార్లు చదవాల్సి రావడం వేరే జబ్బు. మనం లోపల తెలుగులోకి మార్చుకుంటూ చదువుతాం. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, ఇంగ్లీష్‌లో కర్త వెంటే రావాలి. మధ్యలో దట్, విచ్, హూ దూరి ఆ రెండిటినీ విడదీస్తే మనకి తల తిరుగుతుంది.

"ది ప్లాన్ దట్ ది కౌన్సిల్ అప్రూవ్డ్ లాస్ట్ ఇయర్, డిస్పైట్ ప్రొటెస్ట్స్ ఫ్రమ్ షాప్‌కీపర్స్, హాజ్ నాట్ రెడ్యూస్డ్ ట్రాఫిక్." దీంట్లో ఎముక "ది ప్లాన్ హాజ్ నాట్ రెడ్యూస్డ్ ట్రాఫిక్" అంతే. దట్ నుంచి షాప్‌కీపర్స్ దాకా ఉన్నదంతా ఏ ప్లాన్, ఎలా వచ్చింది అని చెప్పే అదనపు సమాచారం. మొదటి చదువులో అప్రూవ్డ్ దగ్గరే ఆగి అదే అసలు క్రియ అనుకుంటే, హాజ్ నాట్ దగ్గరకొచ్చేసరికి వాక్యం విరిగిపోతుంది, మళ్లీ మొదటికెళ్తారు.

రోజుకు ఐదు పొడుగు వాక్యాలు తీసుకోండి, 25 పదాలు దాటినవి. అసలు కర్త కింద ఒక గీత, అసలు క్రియ కింద రెండు గీతలు. దట్, విచ్, హూతో మొదలైన ముక్కల్ని, కామాల మధ్య ముక్కల్ని బ్రాకెట్లో పెట్టండి. బ్రాకెట్లు వదిలేసి పైకి చదవండి. చెయ్యి అలవాటయ్యాక కన్ను తనంతట తానే ఆ పని చేస్తుంది, గీతలక్కర్లేదు.

పేపర్ చదివినా తేడా ఎందుకు లేదంటే, వార్తలు చదవడం వేరు, వాదన చదవడం వేరు. వార్త మొదటి పేరాలోనే అయిపోతుంది. ఎడిటోరియల్ పేజీలో ఒకటే వ్యాసం తీసుకుని, ప్రతి పేరా పక్కనా ఆ పేరా చేసే పనేమిటో నాలుగు మాటల్లో రాయండి: "ఎదుటివాళ్ల వాదన చెప్పాడు", "దాన్ని ఖండించాడు", "ఉదాహరణ ఇచ్చాడు", "పరిష్కారం". బట్, హౌఎవర్, యెట్ వచ్చిన చోట చుట్టండి, రచయిత సొంత మాట చాలాసార్లు దాని తర్వాతే ఉంటుంది. అంతకు ముందున్నది ఎదుటివాళ్ల మాట అయివుండొచ్చు. దాన్ని రచయిత అభిప్రాయంగా చూపించే ఆప్షన్ తప్పకుండా ఒకటి పెడతారు.

స్లిప్‌టెస్ట్:

డౌటుంటే వదిలేయడమే మేలు. మైనస్ మార్కులతో ర్యాంకులు పోతాయి.

లెక్కలమాస్టారు:

లెక్క చూడకుండా అలా చెప్పకూడదండీ. సీయూఈటీలో ఒప్పుకి 5, తప్పుకి 1 కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా సగటున (5 − 3) ÷ 4, అంటే అర మార్కు లాభమే. ఒకటి తీసేయగలిగితే సగటు 1, రెండు తీసేస్తే 2. అడిగినవారు రెండు తీసేస్తున్నానంటున్నారు, అలాంటి ప్రశ్న ఖాళీగా వదలడమంటే చేతిలో ఉన్నది పారేసుకోవడమే.

మీరు చెప్పిన సలహా వేరే పరీక్షలకి పనికొస్తుంది. ఒప్పుకి 1, తప్పుకి మూడోవంతు కోత ఉన్నచోట గుడ్డిగా పెడితే సగటు సున్నా. ఒప్పుకి 1, తప్పుకీ 1 అయితే గుడ్డిగా పెట్టినా, ఒకటే తీసేసి పెట్టినా నష్టం, రెండు తీసేస్తే సున్నా. మార్కుల పద్ధతి చూశాకే వదలాలో పెట్టాలో తేల్చుకోవాలి.

టైమ్ సంగతి కూడా. 2025 నుంచి 50 ప్రశ్నలూ రాయాల్సిందే, 60 నిమిషాలు, ప్రశ్నకి 72 సెకన్లు. 2024 దాకా 50లో 40 రాస్తే సరిపోయేది, 45 నిమిషాలు. పాత పేపర్లతో ప్రాక్టీస్ చేసేవాళ్లు మొత్తం 50 పెట్టుకుని గంట టైమర్ పెట్టాలి, లేకపోతే పరీక్షలో పది ప్రశ్నలు కొత్తగా మీద పడ్డట్టుంటుంది. మీరు రాసే ఏడాది బులెటిన్ కూడా ఒకసారి చూసుకోండి.

సిలబస్‌లో పాసేజీకి 300–350 పదాలు గరిష్ఠమని ఉంటుంది. నిమిషానికి 150 పదాలు చదివితే రెండుంబావు నిమిషాలు. ఐదు ప్రశ్నలున్నాయనుకుంటే ఒక్కోదానికి 50 సెకన్లు, అంటే ఇంకో నాలుగుంబావు. మొత్తం ఆరున్నర నిమిషాలు. పదాల బిట్లు 30 సెకన్లలో అయిపోతాయి కాబట్టి అక్కడ మిగిలింది ఇక్కడికి తెచ్చుకోవచ్చు. ఎనిమిది నిమిషాలు దాటిందంటే ఆ పాసేజీలో ఇంకా కూర్చోకూడదు, ఉన్నంతలో మంచి ఆప్షన్ పెట్టి కదలాలి.

బైపీసీ_టు_బీఏ:

చాలా థ్యాంక్సండీ అందరికీ. ప్రశ్నలు ముందా, పాసేజీ ముందా అన్నది మిగిలింది. ఇంకోటి, కథలాంటి పాసేజీల్లో టోన్ (రచయిత ధోరణి) అడిగితే అస్సలు తెలియట్లేదు.

నిదానంగా_చదువు:

ప్రశ్నల మొదటి లైన్లు మాత్రమే ముందు చూడండి, 15 సెకన్లు మించకుండా. ఆప్షన్లు చూడొద్దు. ఐదు ప్రశ్నలకి ఇరవై ఆప్షన్లు, అందులో పదిహేను అబద్ధాలు. అవి బుర్రలో పెట్టుకుని పాసేజీలోకి వెళ్తే లేనివి కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. మొదటి లైన్లలో పేరో, సంవత్సరమో, ఫలానా పదానికి అర్థమో అడిగితే దాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. నాట్, ఎక్సెప్ట్ ఉన్న ప్రశ్న నంబర్ రఫ్ షీట్ మీద రాసి చుట్టేయండి. అన్నీ తెలిసి కూడా మార్కు పోయేది అక్కడే.

టోన్‌కి ముందు మూడు గంపలు చేసుకోండి: మెచ్చుకోలు, విమర్శ, రెండూ కానిది. పాసేజీలో విశేషణాలు, క్రియలు ఎటు మొగ్గాయో చూడండి. "హి వాక్డ్ ఇన్" అంటే ఏమీ తెలియదు, "హి స్ట్రట్టెడ్ ఇన్" (డాబుగా నడిచొచ్చాడు) అన్నాడంటే రచయిత అతన్ని ఎగతాళి చేస్తున్నాడు. గంప తేలాక ఆప్షన్లలో రెండు పోతాయి. మిగిలినవాటిలో తీవ్రత చూడాలి: స్కెప్టికల్ అంటే నమ్మకం కుదరకపోవడం, హాస్టైల్ అంటే పగతో ఉండటం, మర్యాదగా సందేహం వెలిబుచ్చిన రచయితకి రెండోది అంటగట్టకూడదు. ఇండిఫరెంట్ అనేది మాత్రం అరుదుగా జవాబవుతుంది, పట్టింపు లేనివాడు కూర్చుని అంత రాయడు కదా. యాంబివలెంట్‌తో దాన్ని కలపకండి, అది రెండు వైపులా మనసు లాగడం.

కథ పాసేజీల్లో చెప్పేవాడి అభిప్రాయం, పాత్ర అభిప్రాయం విడిగా పట్టుకోవాలి. "మా ఊళ్లో ఆయనంత గొప్పవాడు లేడని ఆయనే చెప్పుకునేవాడు" అన్న వాక్యంలో గొప్పవాడు అన్నది పాత్ర మాట, వెటకారం రచయితది.

కర్త_ఎక్కడ_క్రియ_ఎక్కడ:

పదాల గురించి ఒక్క మాట. అర్థం తెలుసనుకున్న పదాలే ఎక్కువ ముంచుతాయి. చెక్ అంటే సరిచూడటమే కాదు, "టు చెక్ ది స్ప్రెడ్" అన్నప్పుడు అడ్డుకోవడం. టెంపర్ క్రియగా వస్తే తీవ్రత తగ్గించడం. "హి క్వాలిఫైడ్ హిజ్ స్టేట్‌మెంట్" అంటే తన మాటకి షరతు తగిలించాడని. పదం అర్థం అడిగితే ఆ పదాన్ని వేలితో మూసి, ఖాళీలో మీకు తోచిన తేలిక మాట పెట్టండి, తర్వాత దానికి దగ్గరున్న ఆప్షన్ వెతకండి. మొదట ఆప్షన్లు చూస్తే బాగా తెలిసిన అర్థమే లాగేస్తుంది.

విదేశీ_ప్లాన్:

మధ్యలో అడుగుతున్నా, శాట్ (అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష) రాసేవాళ్లకీ ఇదే పద్ధతా?

లెక్కలమాస్టారు:

ఆప్షన్ల సంగతీ, వాక్యాల సంగతీ అక్కడా అంతే. ప్లాన్ మాత్రం వేరు. డిజిటల్ శాట్‌లో పాసేజీ 25 నుంచి 150 పదాలే, ఒక్కోదానికి ఒకటే ప్రశ్న. ఇంగ్లీష్ విభాగంలో రెండు మాడ్యూళ్లు (భాగాలు), ఒక్కోటి 27 ప్రశ్నలు, 32 నిమిషాలు. ప్రశ్నకి 71 సెకన్లు పడుతుంది, చిత్రంగా సీయూఈటీకి దాదాపు సమానం. మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది ఎంత కష్టమో మారుతుంది కాబట్టి మొదటిదాన్ని తొందరపడి చెడగొట్టుకోకూడదు. తప్పుకి కోత లేదు, ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. పాసేజీ చిన్నది కాబట్టి అక్కడ ప్రశ్న ముందు చదివేయడమే సులువు.

సీయూఈటీ వాళ్లకి ఇంకొకటి. పరీక్ష కంప్యూటర్ మీద, స్క్రీన్ మీద గీతలు గీయలేరు. చివరి నెలన్నా పుస్తకం పక్కన పెట్టి స్క్రీన్ మీదే చదవండి, రఫ్ షీట్ మీద పేరాకి రెండు మాటలు రాసుకుంటూ. జవాబు పెట్టి "మార్క్ ఫర్ రివ్యూ" నొక్కితే అది లెక్కలోకి వస్తుంది. జవాబు పెట్టకుండా ఉత్తి మార్క్ ఫర్ రివ్యూ నొక్కి మళ్లీ వద్దామనుకుంటే, టైమ్ అయిపోయినప్పుడు అది ఖాళీ కిందే లెక్క. అందుకే ముందు ఏదో ఒకటి ఎంచుకుని, ఆ తర్వాతే మార్క్ చేయండి.